కలక నీటి చాటు

నీళ్ళు తేటగా ఉన్నాయని ఒక మనిషి కంటతడి పెట్టడం ఈమధ్యే మొదటిసారి చూశాను. మా పెద్దమ్మ రూతమ్మ పోయిన వారానికి వాళ్ళ ఊళ్ళో ఆదరణ కూడిక పెడితే, గుంటూరు నుంచి పొద్దున్నే బయల్దేరి వెళ్ళాను. ప్రార్థన అయింది, పాటలు అయ్యాయి, పాస్టరుగారి మాటలు అయ్యాయి, భోజనాలూ అయ్యాయి. అంతసేపూ పెద్దమ్మ కూతురు మార్తక్క కంట ఒక్క చుక్క రాలేదు. వచ్చినవాళ్ళకి వడ్డిస్తూనే ఉంది, గరిటె ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఆకులన్నీ తీసేశాక నా చెయ్యి పట్టుకుని, "రా సుగుణా, నీకొకటి చూపిచ్చాలి," అని మొగ దగ్గరికి తీసుకెళ్ళింది. ఏరు వచ్చి సముద్రంలో కలిసే చోటుని అక్కడ మొగ అంటారు. గట్టు మీద నిలబడి నీళ్ళలోకి వేలు చూపించింది. "చూడవే. అడుగున ఇసక కూడా కనబడతంది. ఇంక రొయ్య ఏడుంటది?" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తల్లి పోయిన దుఃఖం అక్కడ బయటికొచ్చిందేమో అనుకున్నాను. కాదు, ఆవిడ ఏడ్చింది నీళ్ళ గురించే.

మార్తక్కకి అరవై దాటాయి. ఆవిడకి వచ్చిన పని ఒక్కటే, పెద్దమ్మ నేర్పింది. మొగలో మెడలోతు నీళ్ళలో కూర్చుని, మోకాళ్ళ మీద జరుగుతూ, రెండు చేతులతో అడుగు తడిమి రొయ్యలు పట్టడం. వల లేదు, గాలం లేదు. మూడేళ్ళుగా పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తడిమినా కూరకి సరిపడా దొరకడం లేదట. ఒకప్పుడు పాతికమంది ఆడవాళ్ళు దిగేవాళ్ళు, ఇప్పుడు ఈవిడా ఇంకో ఇద్దరూ. "నువ్వు చేపల చదువు చదివావు గదే. ముప్పయ్యేళ్ళు పిల్లలకి చెప్పావు. ఈ నీళ్ళకి ఏం చెయ్యాలో చెప్పు, ఎవరి కాళ్ళు పట్టుకోవాలో చెప్పు. ఇది పోతే నా చేతులకి ఇంకో పని రాదు," అంది. నేను కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. ఆ నీళ్ళలో ఏం జరుగుతోందో నాకు అక్షరం అక్షరం తెలుసు. ఏం చెయ్యాలో మాత్రం తెలియదు. ఆ బరువు దింపుకోడానికే ఇది రాస్తున్నాను.

ఆ మొగకీ నాకూ సంబంధం అమ్మ జబ్బుతో మొదలైంది. మాది దర్శి పక్కన నల్లరేగడి ఊరు. నాన్న, అమ్మ ఇద్దరూ పత్తి చేలకీ మిరప చేలకీ కూలికి వెళ్ళేవాళ్ళు. అమ్మకి ఊపిరితిత్తుల జబ్బు చేసి ఆస్పత్రిలో చేర్చినప్పుడు, తమ్ముడు ప్రసాదుని నాయనమ్మ దగ్గర ఉంచి, నన్ను పెద్దమ్మ దగ్గరికి పంపారు. మా ఊళ్ళో తాగే నీళ్ళు కుంట నుంచి తెచ్చుకునేవాళ్ళం. వానాకాలం వస్తే ఆ నీళ్ళు రేగడి మట్టితో బూడిదరంగులో ఉండేవి. నాయనమ్మ బిందె దించీ దించగానే గోలెంలో పోసి, చిల్లగింజని గోలెం లోపలి అంచుకి గరగరా అరగదీసేది. గంట తిరిగేసరికి మట్టంతా అడుక్కి దిగి పైన నీళ్ళు తేరేవి. "తేరినయ్యా?" అన్నదే మా ఇంట్లో పొద్దున లేవగానే మొదటి మాట. తేట నీళ్ళు మంచివి, మురికి నీళ్ళు జబ్బువి. అమ్మకి జబ్బు చేసింది కూడా ఏదో మురికి నీళ్ళ వల్లేనని నేను గట్టిగా నమ్మేదాన్ని. పెద్దమ్మ ఇంటికి బయల్దేరేటప్పుడు నాయనమ్మ నా గౌను జేబులో అయిదారు చిల్లగింజలు పోసి పంపింది. అక్కడి నీళ్ళు ఎట్టా ఉంటాయో ఏమోనని ఆవిడ బెంగ.

పెద్దమ్మ ఇల్లు తాటాకుల ఇల్లు. గుమ్మంలో అడుగుపెట్టగానే ఎండురొయ్య వాసన, దాని వెనక తడి బట్టల వాసన. పెదనాన్న ఉప్పు పండించే కొటార్లలో పని చేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన పిక్కల మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉండేది, మంచినీళ్ళు కరువు కాబట్టి ఒక్క చెంబుతోనే రెండు కాళ్ళూ కడుక్కునేవాడు. అన్నం ముందు కూర్చుని ఆయన చేసే ప్రార్థన ఎంత పొడుగంటే కూర చల్లారిపోయేది. "దేవుడికి అన్నీ తెలుసుగానీ, కానియ్యి," అనేది పెద్దమ్మ ఒక కన్ను తెరిచి. మార్తక్కా నేనూ నవ్వు ఆపుకోలేక కంచాల మీదికి వంగిపోయేవాళ్ళం. నాకంటే మూడేళ్ళు పెద్దది మార్తక్క, అప్పటికే తల్లితోపాటు నీళ్ళలోకి దిగేది. పెద్దమ్మ అరచేతులు ముట్టుకుంటే గరుగ్గా ఉండేవి. రొయ్య తల మీది ముల్లు గీసిన గీతలు వేళ్ళ నిండా. నా జుట్టుకి నూనె రాస్తుంటే ఆ గీతలు వెంట్రుకలకి పట్టుకునేవి. నాకు అది ఇష్టంగా ఉండేది.

పొద్దున ఆవిడ నీళ్ళకేసి చూసేది కాదు, ముందు కొంగల్ని చూసేది. మొగ గట్టు వెంట కొంగలు బారులు తీరి నిలబడి ఉంటే, "ఇయ్యాళ తేట. మనకేం లేదు," అని వెనక్కి తిరిగి వంట పని చూసుకునేది. కొంగలు లేచిపోయి ఉంటే కలక వచ్చిందన్నమాట. కలక అంటే పైనుంచి ఏరు తెచ్చిన మట్టి నీళ్ళు సముద్రపు నీళ్ళలో కలిసి, పాలెక్కువైన టీ రంగులోకి తిరగడం. అందులో కొంగకి ఏమీ కనబడదు, నీటికాకికి కనబడదు, పండుగప్ప చేపకి కనబడదు. అవన్నీ కంటితో వేటాడేవి. తేట నీళ్ళలో పగలంతా బురదలో దూరి దాక్కునే రొయ్యలు, కలక రాగానే తమని ఎవరూ చూడటం లేదని పట్టపగలే బయటికొచ్చి మేసేవి. ఆడవాళ్ళు దిగేది అప్పుడే. వాళ్ళకి కళ్ళతో పని లేదు కదా. కొంగకి తినడానికి లేని రోజు మా ఇంట్లో కూర ఉండేది. కలకలో వేట మానని జీవాలు ఇంకా ఉన్నాయి. జెల్ల చేప మీసాలతో తడుముకుంటూ వస్తుంది, పీత వాసన పట్టుకుని వస్తుంది. పెద్దమ్మ చేతికి రొయ్య బదులు జెల్ల తగిలి ముల్లు దిగితే, చెయ్యి మణికట్టు దాకా వాచేది. వేడి ఉప్పు మూట కాపడం పెట్టుకుంటూ, "అదీ నాలాగా తడుముకుంటానే వచ్చింది పాపం," అనేది. మరీ పెద్ద వరద వచ్చి నీళ్ళు జావలా చిక్కబడితే మాత్రం దిగనిచ్చేది కాదు. అప్పుడు మొప్పల్లో మట్టి పట్టి చేపలే పైకొచ్చి నోళ్ళు తెరిచేవి. "కలకకి కూడా ఒక లెక్క ఉందే," అనేది.

రొయ్యల్లో కొన్నిటిని పెద్దమ్మ ప్రాణంతోనే ఉంచేది. గాలాలు వేసే పడవల వాళ్ళు సాయంత్రం వచ్చి ఎర కోసం కొనుక్కునేవాళ్ళు. చచ్చిన రొయ్యని వాళ్ళు ముట్టరు. ఇంటి వెనక తాటాకు నీడన ఒక పెద్ద గోలెం ఉండేది, మొగ నీళ్ళు మట్టితో సహా అందులో పోసి రొయ్యల్ని వదిలేవాళ్ళు. ఆ రోజు కొటారు మేస్త్రీ తన గుంటలో పెంచుకోడానికి పండుగప్పలు కావాలన్నాడని, జానెడు పొడుగువి మూడింటిని కూడా పెద్దమ్మ ఆ గోలెంలోనే వేసింది. ఇంట్లో ఉన్నది ఒకటే గోలెం మరి. "తెడ్డు పెట్టి కలుపుతా ఉండు. మట్టి అడుక్కి దిగనియ్యమాక," అని నాకు చెప్పి, మార్తక్కని తీసుకుని మళ్ళీ మొగకి వెళ్ళిపోయింది. ఎందుకు కలపాలో చెప్పలేదు. పుట్టినప్పటి నుంచి మొగ చూసినవాళ్ళకి అది చెప్పాల్సిన సంగతి కాదు. ఆ రొయ్యలు అమ్మితే వచ్చిన దాంతో ఆదివారం బస్సెక్కి ఆస్పత్రికి వెళ్ళి అమ్మని చూడాలని అనుకున్నాం. నేను వేళ్ళ మీద రోజులు ఎంచుకుంటున్నాను.

కాసేపు కలిపాను. తెడ్డు తిప్పేకొద్దీ నీళ్ళు ఇంకా మురిగ్గా కనిపించాయి. పాపం ఇవి ఈ నీళ్ళలో ఎట్టా బతుకుతాయి, వీటికీ అమ్మలాగా జబ్బు చేస్తుందేమో అనిపించింది. తేట చేసి పెడితే పెద్దమ్మ వచ్చి మెచ్చుకుంటుందని కూడా అనుకున్నాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. జేబులోంచి చిల్లగింజ తీసి, నాయనమ్మ చేసినట్టే గోలెం అంచు చుట్టూ అరగదీశాను. ఒకటి అయిపోతే ఇంకోటి. తెడ్డు పక్కన పెట్టి ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. మట్టి చిన్న చిన్న ముద్దలుగా విడిపోయి కిందికి దిగసాగింది. ముందు రొయ్యల మీసాలు కనిపించాయి, తర్వాత నల్లపూసల్లాంటి కళ్ళు, తర్వాత వాటి ఒంట్లోంచి అవతలి గోలెం గోడ. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. చప్పట్లు కొట్టాను కూడా. అప్పటిదాకా అడుగున కట్టెల్లా పడున్న పండుగప్పలు మెల్లగా తలలు తిప్పాయి.

తర్వాత జరిగింది చాలా తొందరగా జరిగింది. పండుగప్ప తరమదు, దగ్గరికొచ్చి నోరు తెరుస్తుంది, రొయ్య ఉండదు. టప్పుమని ఒక చప్పుడు, అంతే. దాక్కోడానికి గోలెంలో బురద లేదు, రాయి లేదు. రొయ్యలు గోడల వెంట ఎగిరెగిరి బయట ఇసకలో పడ్డాయి. నేను తెడ్డు పెట్టి పిచ్చిగా తిప్పాను. చిల్లగింజతో ముద్దకట్టిన మట్టి పైకి లేచినట్టే లేచి మళ్ళీ దిగిపోయింది. చేతులు పెట్టి చేపల్ని పట్టుకోబోతే జారిపోయాయి, వీపు ముళ్ళు గుచ్చుకుని వేళ్ళ నుంచి రక్తం కారింది. గుప్పెడు ఇసక వేశాను, అదీ మునిగిపోయింది. మొగ దాకా పరిగెత్తి "పెద్దమ్మా" అని అరిచాను. సముద్రం పోటు మీదుంది, గాలి ఎదురు కొడుతోంది. అల్లంత దూరాన నీళ్ళ మీద తలలు మాత్రం కనిపిస్తున్నాయి, ఒక్క తలా తిరగలేదు. మళ్ళీ గోలెం దగ్గరికి వచ్చాను. చేతికందే దూరంలో, పగటి వెలుతురులో, అన్నీ స్పష్టంగా కనిపిస్తూనే ఉన్నాయి. నేను ఏడుస్తూ చూస్తూ కూర్చున్నాను.

పెద్దమ్మ వచ్చి గోలెంలోకి తొంగి చూసింది. మూడు చేపలూ పొట్టలు ఉబ్బించుకుని ఉన్నాయి. రొయ్యలు పదో పన్నెండో మిగిలాయి. నా జేబు తడిమి మిగిలిన గింజలు తీసి చూసి, విషయం అర్థమై, నెత్తిన చేతులు పెట్టుకుంది. కొడుతుందనుకున్నాను. నా పక్కన కూలబడి, "పిచ్చిదానా, నీకు కనబడితే దానికీ కనబడుద్ది గదే," అంది. అంతే అంది. మార్తక్క మాత్రం నా వీపు మీద ఒక్కటిచ్చి, తర్వాత తనే నా వేళ్ళకి పసుపు పెట్టింది. ఆ ఆదివారం అమ్మ దగ్గరికి వెళ్ళలేదు. ఆ పై ఆదివారం వెళ్ళాం. వారం పాటు తలుపు కేసి చూసిందట అమ్మ.

అమ్మ కోలుకుంది, నేను మా ఊరు వెళ్ళిపోయాను, చదువుకున్నాను, చేపల మీదే చదువుకున్నాను. లావుపాటి పుస్తకాల్లో ఒకచోట, కంటితో వేటాడేవి కలకలో నష్టపోతాయనీ, వాసనతో, స్పర్శతో వేటాడేవి నిలదొక్కుకుంటాయనీ, పిల్ల చేపలకీ రొయ్యలకీ మొగల్లోని కలకే రక్షణ అనీ చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. పెద్దమ్మ ఒక్క ముక్కలో చెప్పిన దానికి వాళ్ళకి అన్ని పేజీలు పట్టింది. క్లాసులో ఆ పాఠం వచ్చిన ప్రతిసారీ గోలెం కథ చెప్పేదాన్ని. పిల్లలు విరగబడి నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఆ కథ అయిపోయిందనే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఇప్పుడు మొగంతా ఆ గోలెమే అయింది. ఏటికి ఎగువన ఆనకట్టలు పడ్డాయి. వినుకొండ వైపు వాగుల నీళ్ళూ, మా రేగడి చేల మీద కురిసిన నీళ్ళూ మోసుకొచ్చే మట్టి అంతా ఆ కట్టల వెనక ఆగిపోతోంది. మొగకి చేరేది సముద్రం నుంచి పోటుతో వచ్చే ఉప్పునీళ్ళే. తేటగా, అందంగా ఉంటాయి. మేం గట్టు మీద నిలబడి ఉండగానే బైకుల మీద నలుగురు కుర్రాళ్ళు వచ్చి ఫోటోలు తీసుకున్నారు. "అద్దంలా ఉన్నాయి ఆంటీ నీళ్ళు," అన్నాడొకడు నాతో మర్యాదగా. వాణ్ణి నీళ్ళలోకి తోసేద్దామన్నంత కోపం వచ్చింది. వాడిదేం తప్పు? నేను చప్పట్లు కొట్టలేదా?

కోపం ఎవరి మీద చూపించాలో తెలియకపోవడమే నా ప్రాణానికి వచ్చింది. ఆ పూట కూడికకి ప్రసాదు కూడా వచ్చాడు. ఒకప్పుడు నాన్న కూలికెళ్ళిన చేలనే వాడు కౌలుకి తీసుకుని మిరప వేస్తున్నాడు. భోజనాల దగ్గర, "ఈ యేడు కాలవ నిండా నీళ్ళక్కా. తోట ఇరగకాసింది. కోతలకి మనుషులే దొరకట్లా," అని ఉత్సాహంగా చెబుతుంటే మార్తక్క వాడి ఆకులో ఇంకో గరిటె కూర వేసింది. ఆ కాలవ నీళ్ళు ఆ కట్ట నుంచి వచ్చేవే. మా వాళ్ళు తరతరాలుగా ఆకాశం కేసి చూసి చూసి చివరికి సంపాదించుకున్న తడి అది. దాన్ని వదిలెయ్యమని నేను ఏ నోటితో చెప్పను? వదిలెయ్యమంటే మాత్రం నా మాట వినేదెవరు? ఆ మట్టి మాది, మా చేలది. ఇన్నేళ్ళూ అది ఊరికే కొట్టుకుపోతోందని మేం బాధపడ్డాం. అది వెళ్ళి ఒకళ్ళకి చాటుగా నిలబడుతోందని మాకు తెలియదు.

ఆ మధ్యాహ్నం మార్తక్క నా కళ్ళ ముందే నీళ్ళలోకి దిగింది. కూడిక చీరతోనే. వద్దంటే వినలేదు. కాళ్ళతో అడుగు తన్ని తన్ని కాస్త మట్టి లేపింది, చాపంత మేర నీళ్ళు మసకబారాయి, అందులో కూర్చుని గబగబా తడిమింది. కొంగలు నాలుగు అడుగులు వెనక్కి వేసి నిలబడ్డాయి, అంతే. అవి ఇప్పుడు ఎగిరిపోవడం లేదు. మట్టి దిగిపోయింది. ఇంకోచోట తన్నింది. నేను ఒడ్డున నిలబడి, "చాలక్కా, రా," అంటున్నాను. ఆవిడకి వినపడుతూనే ఉంది. గంట తర్వాత పైకొచ్చి గుప్పిట తెరిస్తే మూడు రొయ్యలున్నాయి. వాటిని మళ్ళీ నీళ్ళలోకే విసిరేసింది. అవి మునగక ముందే కొంగలు అందుకున్నాయి.

గుంటూరు వచ్చి రెండు ఉత్తరాలు రాశాను, ఒకటి మత్స్యశాఖ ఆఫీసుకి, ఒకటి నాతో కాలేజీలో పనిచేసిన పెద్దమనిషికి. మొగలో నీళ్ళు శుభ్రపడినట్టు తమ దృష్టికి వచ్చిందనీ, సంతోషమనీ ఆఫీసు వాళ్ళు ఫోన్‌లో చెప్పారు. పెద్దమనిషి చాలా మంచి పాయింటు మేడమ్ అన్నాడు.

నిన్న మార్తక్క ఫోన్ చేసింది. ఏదో చెయ్యబోతున్నానని మాట తయారు చేసుకుని ఎత్తాను. ఆవిడ నన్ను ఏమీ అడగలేదు. "ప్రసాదుతో మాట్టాడానే. మిరప కోతలకి రమ్మన్నాడు. సోమవారం పోతన్నా," అంది. నెలనెలా నేను పంపిస్తాను కదా అక్కా, ఈ వయసులో ఎండలో ఎందుకు అన్నాను. "ఊరుకోవే. తిని కూర్చుంటే చేతులు ఊరుకోవు," అంది. తర్వాత గొంతు తగ్గించి, కొత్తగా బళ్ళో చేరే పిల్లలా అడిగింది. "అదిగాదు సుగుణా, నా వేళ్ళ నిండా గాట్లే గదా. ఆ కారం తగిలితే మండిద్దేమో. మీ వైపోళ్ళు చేతులకి ఏం రాసుకుంటారే?"

"కొబ్బరినూనె దట్టంగా పట్టించు. మధ్యలో నీళ్ళతో కడగమాక, మంట పాకుద్ది. సాయంత్రం మజ్జిగలో ముంచి ఉంచుకో. ఆ చేత్తో కళ్ళు మాత్రం తుడుచుకోమాక," అని చెప్పాను. మళ్ళీ ఒకసారి చెప్పమంది. చెప్పాను. తను ఒకసారి అప్పజెప్పింది.

"ఆఁ, గుర్తుంటది. మంచి మాట చెప్పావే," అని ఫోన్ పెట్టేసింది. ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, మా మార్తక్కకి అక్కరకొచ్చేట్టు చెప్పగలిగింది అదొక్కటే.